గాల్వెస్టన్‌లో టెంటూ గాలమూ

హ్యూస్టన్‌లో ఉండేవాళ్లకు గాల్వెస్టన్ ఐలండ్ స్టేట్ పార్క్ పెద్ద దూరమేమీ కాదు. టెంటు వేసుకోవడానికి చోటు దొరకడమే కష్టం. బుకింగ్ ఐదు నెలల ముందు నుంచే ఇస్తారు, చల్లటి నెలల శనివారాలు ఇట్టే అయిపోతాయి. పొద్దున్నే సైట్ తెరిచి ఎవరైనా క్యాన్సిల్ చేసుకున్నారేమోనని చూస్తూ చూస్తూ, చివరికి నవంబరులో ఒకటి పట్టాను.

పార్కుకు ఒకవైపు గల్ఫ్ బీచ్, రోడ్డుకు అవతల వెస్ట్ బే. పిల్లలు బీచ్ అన్నారు. గాలం వేయాలంటే మాత్రం బే వైపే నయం. అలల గోల ఉండదు, లోతు తక్కువ, గడ్డి అంచుల వెంట చేప తిరుగుతుంది. దోమలు మాత్రం వదలవు. గాలికి టెంటుతో ఇచ్చే చిన్న మేకులు ఆగవని తెలిసి పొడవాటివి కొనుక్కెళ్లాం.

లైసెన్స్ టెన్షన్ లేదు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డు మీద నుంచి పట్టుకోవడానికి అది అక్కర్లేదు. కొలతల రూల్స్ మాత్రం ఎవరికైనా రూల్సే. రెడ్‌ఫిష్ 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉంటేనే మనది, అదీ రోజుకు మనిషికి మూడే. ఫ్లౌండర్ అనే చేపనైతే నవంబర్ 1 నుంచి డిసెంబర్ 14 దాకా ఉంచుకోనే కూడదు.

బతికున్న రొయ్యని కొక్కేనికి గుచ్చి, పైన బెండు కట్టి వేశాం. మనం వేపుడు చేసుకునే సైజు రొయ్యలు, ఎరకి పోతుంటే ప్రాణం ఉసూరుమంది. పోటు ఎక్కుతుండగా బెండు మునిగింది. మావాడు లాగి, చేత్తో పట్టుకోబోయాడు. మచిలీపట్నంలో పెరిగిన మా బావ అరిచాడు: "ఒరేయ్, ముట్టుకోకు, అది జెల్ల!" వీపు మీదా పక్కల్లోనూ రంపపు పళ్ల ముళ్లు, వాటికి విషం. కటింగ్ ప్లయర్‌తో కొక్కెం తీసి వదిలేశాం.

తర్వాత రెడ్‌ఫిష్ పడింది. రాగి రంగు, తోక మొదట్లో నల్ల చుక్క. నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కొలవాలి. పందొమ్మిది. బావ ఇంకాస్త గట్టిగా నొక్కి చూశాడు, అయినా పందొమ్మిదే. నీళ్లలోకి పంపించేశాం.

పులుసుకి దొరికింది మర్నాడు పడిన బ్లాక్ డ్రమ్ అనే చేప. దానికి 14 నుంచి 30 అంగుళాలు, ఇది పదిహేడు. మధ్యాహ్నం 12కల్లా ఖాళీ చేయాలి కాబట్టి ఐస్‌లో పెట్టేసి టెంటు విప్పాం. తల పారేయొద్దని బావ రెండుసార్లు చెప్పాడు.