మీర్పూర్‌లో మిగిలిన ఒక్క పరుగు

2023 జులైలో మన మహిళల జట్టు జరిపిన బంగ్లాదేశ్ పర్యటన మాటెత్తితే, అంపైర్ ఔటిచ్చాడన్న కోపంతో కెప్టెన్ హర్మన్‌ప్రీత్ బ్యాటుతో వికెట్లను కొట్టిన దృశ్యాన్నే అందరూ తలుచుకుంటారు. నాకు మాత్రం ఆ మ్యాచ్‌లోనే బంగ్లాదేశ్ బ్యాటర్ ఫర్గానా హక్ చేసిన 107 పరుగులే ముందు గుర్తుకొస్తాయి. వన్డేల్లో బంగ్లాదేశ్ మహిళలకు అదే తొలి శతకం. ఢాకాలోని మీర్పూర్‌లో మనకు గెలుపుకు 226 కావలసిన ఆ చివరి వన్డేలో, ఆఖరి ఓవరుకు మూడు పరుగులే మిగలగా, స్కోరు సమమయ్యాక మారుఫా అక్తర్ వేసిన మూడో బంతికి మన చివరి బ్యాటర్ మేఘనా సింగ్ కీపరుకు చిక్కింది. జెమీమా అవతలి కొసన నిలబడిపోయింది. మ్యాచ్ టై, సిరీస్ 1-1. అంపైరింగుపై కోపం అర్థమవుతుంది గానీ, 191 దాటాక వరుసగా వికెట్లు పారేసుకున్నది మనమే కదా! అనంతపురం జిల్లా అమ్మాయి బారెడ్డి అనూష ఆ పర్యటనలోనే అరంగేట్రం చేసినందున, బెంగళూరులో మా ఆఫీసు తెలుగువాళ్లు టీ విరామాల్లో ఆమె ఎడమచేతి స్పిన్ గురించే ఎక్కువగా మాట్లాడుకున్నారు.