పద్యనాటక సాధన: పడక సీను కుదిరింది, రాయబారం ఇంకా సాధనలోనే

బెజవాడలో ఈ విడత సాధనకు తీసుకున్నవి తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలు నాటకాల్లోని రెండు ఘట్టాలు: పడక సీను (నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరకు దుర్యోధనుడు, అర్జునుడు సాయం కోరి వచ్చేది), కౌరవ సభలో కృష్ణుడి రాయబారం. మొదటిది మేకప్ లేకుండా ఆసాంతం ఆగకుండా నడుస్తోంది. రెండోదానిలో పద్యాలన్నీ నోటికి వచ్చాయి కానీ ఊపిరి ఇంకా కుదరలేదు.

ముందు తేల్చుకోవాల్సింది శ్రుతి, అంటే పాడడానికి ఆధారమైన స్వరం. హార్మోనియం మెట్ల లెక్కలో కృష్ణుడికి రెండు హాయి, దుర్యోధనుడికి ఒకటిన్నర దాటితే పైస్థాయిలో గొంతు పట్టేస్తుంది. హార్మోనియం మీద మెట్టు మార్చడం క్షణం పని. తబలాను మాత్రం సుత్తెతో మళ్ళీ శ్రుతి చేయాలి, ఆలోగా సీను చల్లారిపోతుంది. అందుకే సీనంతా ఒకటిన్నరకే కట్టాం. వానాకాలంలో కృష్ణ ఒడ్డు తేమకు తబలా చర్మం వదులై శ్రుతి దిగుతుంది. గ్రీన్‌రూంలో సరిచేసి తెస్తే వేదిక మీద లైట్ల వేడికి మళ్ళీ ఎక్కుతుంది. అరగంట ముందే వేదిక మీద పెట్టి, అక్కడే శ్రుతి చేయాలి.

ఇక అసలు పని, పద్యం. దీనికి తాళం లేదు కాబట్టి నడకంతా గురులఘువులదే. ‘బావా యెప్పుడు వచ్చితీవు’ శార్దూలం, పాదానికి 19 అక్షరాలు, యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు) 13వ అక్షరం. 12వ అక్షరంతో ‘సుఖులే’ ముగుస్తుంది, 13న ‘భ్రాతల్’ మొదలవుతుంది. అక్కడ ఊపిరి తీసుకుంటే అర్థం చెడదు. ‘జెండాపై కపిరాజు’ కూడా శార్దూలమే కదా అని అదే లెక్కన ఆగితే ‘సితవా’ అని విరిగి, ‘జిశ్రేణి’ అని వినిపిస్తుంది. తెల్లగుర్రాల బారు కాస్తా ముక్కలవుతుంది. ఇక్కడ ‘ముందు’ తర్వాత, అంటే తొమ్మిదో అక్షరం దగ్గర ఊపిరి తీసుకుని, ‘సితవాజిశ్రేణియుం’ ఒక్క పట్టున లాగాలి. ‘అలుగుటయే యెఱుంగని’ చంపకమాల, యతి 11న. అది ‘మహామహితాత్ముడు’ మధ్యలో పడుతుంది, కాబట్టి ‘యెఱుంగని’ దగ్గరే ఆగాలి. ‘చెల్లియొ చెల్లకో తమకు’ ఉత్పలమాల. యతి పదో అక్షరమైన ‘చే’ మీద మాట కూడా కొత్తగా మొదలవుతుంది, ఏ ఇబ్బందీ లేదు. ప్రతి పద్యం కాగితం మీద రాసి, ఊపిరి చోట నిలువు గీత పెట్టుకోవడం ఒక్కటే మార్గం.

గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) గురువు మీదే వేయాలి. లఘువు మీద వేస్తే ‘ఎప్పుడు’ కాస్తా ‘ఎప్పూడు’ అవుతుంది. గుంటూరు, బెజవాడ ప్రేక్షకుల్లో ఈ పద్యాలు నోటికి వచ్చినవాళ్ళు ప్రతి వరుసలోనూ ఉంటారు, వెంటనే పట్టేస్తారు. ఇంతకాలం ఇవి బతికి ఉన్నది ఆ నోళ్ళ వల్లే. 1967లో వచ్చిన శ్రీకృష్ణావతారం సినిమాలో ఘంటసాల పాడిన తీరు వింటే మాట ఎక్కడా రాగం కింద నలగదు. రంగస్థలం మీద ఆలాపన (మాటలు లేకుండా రాగం తీయడం) నిడివి ఎక్కువే, అది ఉండాల్సిందే. అయితే నాలుగో పాదం పూర్తయ్యాక. మధ్య పాదాల్లో సాగదీస్తే వాక్యం మరిచిపోతారు. వన్స్‌మోర్ పడితే పద్యమంతా మళ్ళీ పాడాలి, ఆలాపన మాత్రం కుదించాలి. లేకపోతే ఎదురుగా నిలబడ్డ నటుడు ముఖంలో భావం నిలుపుకోలేడు.

పడక సీనులో మంచం ప్రేక్షకులకు అడ్డంగా వేశాం, తలవైపు ఎత్తుగా. తలాపున ఆసనం మీద దుర్యోధనుడు, కాళ్ళ దగ్గర అర్జునుడు. కృష్ణుడు లేవగానే చూపు అర్జునుడి మీద పడాలి, కథ అంతా దాని మీదే నడుస్తుంది. ఆ తర్వాత తలాపు వైపు తిరిగి ‘బావా’ అందుకోవాలి. తిరుగుతూ పాడితే మొదటి గురువే మైకుకు అందదు. పూర్తిగా తిరిగి, భుజాలు నిలిపి, అప్పుడే ఎత్తుకోవాలి.

కిరీటంతో మరో చిక్కు. పక్క రేకులు చెవులు మూసేస్తే హార్మోనియం వినపడక గొంతు శ్రుతి తప్పుతుంది. హార్మోనియం ఉన్న వైపు రేకును వేలెడంత వెనక్కి వంచి కుట్టించాలి. పూసల సొగసు కాస్త తగ్గినా ఫరవాలేదు.

మిగిలినవి: సభ సీనులో కృష్ణుడి పద్యాల మధ్య వచనం తగ్గించాలి, ‘జెండాపై’ మూడో పాదానికి ఊపిరి గీత మార్చాలి, కిరీటాలు పెట్టుకుని రెండు సీన్లూ కలిపి ఒకసారి నడపాలి.