కంగారూ ఏం మేసిందో పెంటికల్లో వెతికాను - నా అనుభవం

కాన్‌బెర్రాలో నేను చేసిన మాస్టర్స్ ప్రాజెక్టు రిపోర్టుకు నిన్ననే పరీక్షకుల ఆమోదం వచ్చింది. ఈస్టర్న్ గ్రే కంగారూలు బయట ఏం మేస్తాయో వాటి పెంటికలను బట్టి తేల్చడం నా పని. ఇదే పని మొదలుపెట్టబోతున్న మన పిల్లలు అడుగుతున్నారు కాబట్టి వేడివేడిగా రాసేస్తున్నాను.

రిజర్వులో పెంటికలు ఏరడానికి అనుమతి కావాలి, దరఖాస్తు పెడితే ఇస్తారు. ఏరడం మరీ తేలిక. కంగారూలు ఎక్కువగా సాయంత్రం నుంచి తెల్లవారే దాకా మేస్తాయి కాబట్టి పొద్దున్నే వెళ్తే పచ్చివి, నల్లగా మెరుస్తూ దొరుకుతాయి. ఎండబెట్టి, నలిపి, బ్లీచ్‌లో నానబెట్టి, సన్న జల్లెడలో కడిగితే ఆకుల పైపొర ముక్కలు మిగులుతాయి. ఆ పొరకు మైనంలాంటి పూత ఉంటుంది, అందుకే కడుపులో తేలిగ్గా అరగదు. మైక్రోస్కోపు కింద దాని అల్లికే మొక్కను పట్టిస్తుంది. గడ్డిలో పత్రరంధ్రాలు, అంటే ఆకు గాలి పీల్చే సన్న రంధ్రాలు, వరసకట్టి, చుట్టూ డంబెల్ ఆకారపు రక్షక కణాలతో కనిపిస్తాయి. వెడల్పాకు మొక్కల్లో ఎక్కువగా చెల్లాచెదురుగా ఉంటాయి.

నా ప్రాణం తీసింది పోల్చుకునే దశ. పెంటికలోని ముక్కను పక్కన పెట్టి పోల్చడానికి ల్యాబులో తెలిసిన మొక్కల పాత స్లైడ్ల పెట్టె ఇచ్చారు. కంగారూ గ్రాస్, వాలబీ గ్రాస్, స్పియర్ గ్రాస్, అన్నీ ఉన్నాయందులో. కంగారూ గ్రాస్ అంటే థెమెడా ట్రయాండ్రా, మన దేశంలోనూ మొలుస్తుంది. తీరా చూస్తే పెంటికలోని ముక్కల్లో చాలావాటికి ఆ పెట్టెలో జోడీయే లేదు. గడ్డేనని తెలుస్తోంది, పొడుగు కణాలు బారులు తీరి ఉన్నాయి. పత్రరంధ్రాలు మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి, కొన్నిట్లో అసలే లేవు. ల్యాబు ఇన్‌చార్జిని అడిగితే మీటింగులో అందరి ముందూ, "స్లైడ్లకేం, బాగానే ఉన్నాయి. నీ కన్నే ఇంకా కుదరలేదు. తెలియనివన్నీ ఇతరాలని రాసెయ్" అన్నాడు. కొత్తగా చేరిన కుర్రాడు నా వైపు చూడలేక తల దించుకున్నాడు. నా ముఖం మాడిపోయింది. అన్నీ ఇతరాలైతే ఇక కంగారూ ఏం తిన్నట్టు?

మాది వ్యవసాయ కుటుంబం. పశువు ఆకు కొసలు గిల్లుకుని తినదని చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని. బైనాక్యులర్ తీసుకుని రిజర్వుకు వెళ్లాను. ఒక ఆడ కంగారూ ముందుకాళ్లతో కాడను వంచి, కొరికి, వెన్నుతో (గింజల కంకితో) సహా నమిలేసింది. పెట్టెలో ఉన్నవన్నీ ఆకు రేకుల, అంటే బయటికి చాచుకున్న భాగాల స్లైడ్లే! కాడను చుట్టుకుని ఉండే ఆకు తొడుగు, కాడ, వెన్ను ఒక్కటీ లేవు. వాటి పైపొర అల్లికే వేరు. ఒక్కో గడ్డికీ అన్ని భాగాల స్లైడ్లూ నేనే చేశాను. తొడుగు స్లైడు పెట్టగానే ముక్కలు టకటకా కుదిరాయి. అంతమంది వాడిన పెట్టెలో లోపం నేను పట్టాను, ఆ మాట చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. పెద్ద కుర్చీలో ఉన్నవాళ్లు చెప్పారని మీ కంటిని మీరు తిట్టుకోకండి, ముందు జంతువు నోటిని చూడండి.

అన్నట్టు, ఊరి నుంచి వచ్చే చుట్టాలు కంగారూకు బ్రెడ్డు పెడదామని సరదాపడతారు. దయచేసి పెట్టనివ్వకండి. అలాంటి మెత్తటి తిండి వల్ల దవడ ఎముకకు చీము పట్టే జబ్బు రావచ్చు, ముదిరితే కంగారూ మేయలేక చనిపోవచ్చు. గడ్డిని అరాయించుకోవడానికి సూక్ష్మజీవులతో నిండిన పొట్ట దానిది.

నా లెక్కలోనూ గడ్డిదే పైచేయి. మీ జంతువు మారితే మాత్రం స్లైడ్ల పెట్టె కూడా మార్చండి. రెడ్ కంగారూ కరువులో సాల్ట్‌బుష్ అనే పొద కూడా తింటుంది, కంగారూకు చిన్న చుట్టమైన స్వాంప్ వాలబీ పొదలు, ఫెర్న్‌లు, నేలలోపలి పుట్టగొడుగులు కూడా తింటుంది. ఇంకోటి, లేత వెడల్పాకులు బాగా అరిగిపోతాయి కాబట్టి పెంటికలో తక్కువ కనిపిస్తాయి. రిపోర్టులో "తిన్నది" అని కాకుండా "పెంటికలో కనిపించింది" అని రాయండి. నేను అలాగే రాశాను, పరీక్షకులు ఆ వాక్యం మీద ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.