పనామా కాలువ లైన్లో మా ఓడ

పనామా కాలువ అంటే పసిఫిక్ సముద్రం నీళ్లు అట్లాంటిక్‌లోకి పారే కాలువ అనుకుంటారు చాలామంది. శ్రీకాకుళం జిల్లా తీరంలో ఎన్నో ఊళ్ల కుర్రాళ్లు ఓడల్లో పనిచేస్తున్నా, మా నాన్న కూడా అలాగే అనుకున్నారు. 2023 ఆగస్టులో ఫోన్ చేసి, కాలువలో నీళ్లు చాలక మా ఓడ ఆగిపోయిందని చెబితే, "ఏట్రా, సముద్రంలో ఉండి నీళ్లు నేవంటావు?" అన్నారు.

అక్కడ ఓడను దాటించేది మంచినీళ్లు. సముద్రమట్టానికి 26 మీటర్ల ఎత్తున గాటూన్ అనే పెద్ద చెరువు ఉంది. లాకుల్లో, అంటే తలుపులున్న పెద్ద నీటి గదుల్లో, నీళ్లు నింపుతూ ఓడను మెట్టుమెట్టుగా పైకెత్తి, ఆ చెరువు దాటించి, అవతల మళ్లీ దించుతారు. ఒక్క ఓడ దాటితే దాదాపు 20 కోట్ల లీటర్లు సముద్రం పాలు. పనామా సిటీ, కోలన్ జనం తాగేదీ ఈ కాలువ చెరువుల నీళ్లే. ఎల్ నినోతో వానలు తగ్గి మట్టం పడిపోవడంతో, రోజుకు 36 దాకా వదిలే ఓడల్ని 32కు కుదించారు.

ఇంత చెప్పాక నాన్నకి ఇంకేం వివరించాల్సిన పని లేకపోయింది. మాది వంశధార ఎడమ కాలువ శివారు భూమి. దేశంలో 1901 తర్వాత అంత పొడి ఆగస్టు లేదని వాతావరణ శాఖ చెప్పిన నెల అది. అక్కడ ఆయన, ఇక్కడ నేను, ఇద్దరం నీటి వంతు కోసమే కాచుకున్నాం.

కంటైనర్ ఓడలకు రాకపోకల తేదీలు ముందే ఖాయం, దాటే వంతు, అదే స్లాట్, బుక్ చేసుకుని వెళ్లిపోతాయి. మాది బల్క్ ఓడ, అంటే ధాన్యంలాంటి సరుకు విడిగా పోసుకుని మోసేది. ధాన్యం ఎక్కించుకోవడానికి ఖాళీగా అమెరికా వెళ్తున్నాం, బుకింగ్ లేదు. కొన్ని స్లాట్లు వేలం వేస్తారు గానీ, ఖాళీ ఓడ కోసం ఎవరు పాడతారు? పసిఫిక్ వైపు లంగరేశాం. రెండు వైపులా కలిపి 160కి పైగా ఓడలు ఆగి ఉన్నాయన్నారు.

లంగరు మీద అసలు కష్టం నీళ్లే. ఓడలో సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే యంత్రం మెయిన్ ఇంజన్ వేడితో నడుస్తుంది, ఇంజన్ ఆపితే అదీ బంద్. బట్టలుతకడానికి, స్నానానికి టైములు పెట్టారు. పైగా నా కాంట్రాక్టు అయిపోయింది, అమెరికాలో దిగాల్సినవాణ్ణి. రోజూ ఏజెంటు మెయిల్ వచ్చిందా అని కెప్టెన్ ముఖం చూడటం, టెన్షన్ పడటం.

చివరికి వంతు వచ్చింది. కాలువలో ఓడను నడిపించే పైలట్ ఎక్కాడు. వేరే రేవుల్లో పైలట్ సలహాదారు మాత్రమే, ఇక్కడ మాత్రం కెప్టెన్‌ని పక్కన నిలబెట్టి ఓడ పగ్గాలు తనే తీసుకుంటాడు. మిరాఫ్లోరెస్ లాకు దగ్గర ఇద్దరు మనుషులు చిన్న పడవలో తెడ్లు వేసుకుంటూ వచ్చి మొదటి తాడు అందించారు. అన్ని యంత్రాలున్న చోట ఆ పని ఇంకా తెడ్డు మీదే! తర్వాత గట్టు మీద పట్టాలపై నడిచే ఇంజన్లు వైర్లతో ఓడను రెండు వైపులా బిగించి పట్టుకున్నాయి. ఓడకీ గోడకీ మధ్య రెండడుగుల సందు. చెరువులోకి వెళ్లాక, వందేళ్ల కిందట మునిగిన అడవి మోడులు ఒడ్డు పక్కన నీళ్లలోంచి పైకి కనిపించాయి. సాయంత్రానికి అట్లాంటిక్‌లో పడ్డాం.

నేను ఇంటికొచ్చాక నవంబరులో ఒక స్లాటు వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లు పలికింది. డిసెంబరుకు రోజుకు 22 ఓడలే. ఇప్పుడు కాలువకు నీళ్ల కోసం పనామాలోనే రియో ఇండియో నది మీద ఇంకో రిజర్వాయర్ కడతామంటున్నారు. ఆ మాట చెబితే, హిరమండలం రిజర్వాయర్ కోసం ఊళ్లు ఖాళీ చేయించడం చూసిన మా నాన్న అడిగిందొకటే: "మరక్కడి ఊళ్లోళ్లు ఏటైపోతార్రా?" అక్కడా జనం వద్దని గొడవ చేస్తున్నారని చెప్పాను.