అమీర్‌పేటలో అంబులెన్స్, కారులో క్యాన్ బస్

నిన్న సాయంత్రం అమీర్‌పేటలో వెనకాల అంబులెన్స్ సైరన్ మోగుతోంది, ముందు ఆర్టీసీ బస్సు అప్పటికే సగం టర్న్ తీసేసుకుంది, అది పూర్తిగా తిరిగేదాకా ఎవ్వరం ఏం చెయ్యలేకపోయాం. నాకైతే వెంటనే క్యాన్ బస్ గుర్తొచ్చింది, అంటే కారులోని చిన్న చిన్న కంప్యూటర్లు ఒకే లైన్ మీద మెసేజ్‌లు పంపుకునే నెట్‌వర్క్.

బాష్ వాళ్లు 1986లో బయటపెట్టిన ఈ నెట్‌వర్క్‌లో ప్రతి మెసేజ్‌కీ ఒక ఐడీ ఉంటుంది, నంబర్ ఎంత చిన్నదైతే ప్రయారిటీ అంత ఎక్కువ. ఇద్దరు ఒకేసారి మొదలెడితే బిట్ బిట్‌కీ పోల్చుకుంటూ వెళ్తారు, 0 పంపినవాడు గెలుస్తాడు, 1 పంపినవాడు తప్పుకుంటాడు, గెలిచినవాడి మెసేజ్ చెడిపోదు. ఎంత అందమైన ఐడియానో!

కానీ ఒకసారి మొదలైన మెసేజ్‌ని మధ్యలో ఆపలేం. 11 బిట్ల ఐడీ, 8 బైట్ల డేటా ఉన్న ఫ్రేమ్ (అంటే ఒక పూర్తి మెసేజ్) మహా అయితే 135 బిట్లు, 500 కేబీపీఎస్‌లో (సెకనుకి 5 లక్షల బిట్లు) 270 మైక్రోసెకన్లు. బ్రేక్ మెసేజ్ అయినా సరే అంతసేపు ఆగాల్సిందే.

అసలు కథ ఇక్కడుంది. ఏ మెసేజ్ ఎంత లేటవ్వచ్చో లెక్కగట్టే పద్ధతి 1994లో వచ్చింది, అందరూ వాడారు, 2007లో డేవిస్, బర్న్స్ అనే పరిశోధకుల టీమ్ అందులో తప్పు ఉందని చూపించింది. బిజీ పీరియడ్‌లో, అంటే లైన్ ఖాళీ లేకుండా ఉన్నంతసేపట్లో, ఆ మెసేజ్ మొదటిసారి వచ్చినప్పటి లేటునే చూసి ఇదే వరస్ట్ కేస్ అనుకున్నారు, కొన్నిసార్లు అదే మెసేజ్ రెండోసారి వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ లేటవుతుంది! పాత పద్ధతి కనిపెట్టినవాళ్లలో బర్న్స్ కూడా ఉన్నారు, తమ లెక్కని తామే సరిదిద్దుకోవడం నాకు చాలా నచ్చింది.