సర్కారు తుమ్మకు పెద్ద మిషన్ కొనేముందు

గెట్ల మీది సర్కారు తుమ్మకు ఇంట్లో ఉన్న కట్టెలు కోసే చిన్న చైన్ మిషన్ చాలట్లేదని కొత్తది కొనాలనుకుంటే, ముందు పాతదాని చైన్‌కు పదును పెట్టి చూడండి. కోసేటప్పుడు కింద తునకలు తునకలుగా పడితే చైన్ బాగున్నట్టు. పిండి రాలితే పండ్లు అరిగినట్టు. అప్పుడు ఎంత పెద్ద ఇంజినైనా చేత్తో నొక్కితే గానీ దిగదు, చైన్ తిరిగే పొడుగు పట్టీ, అంటే బార్, కాలుతుంది.

పదును బాగున్నా మిషన్ గుంజలేకపోతే మార్చాల్సిందే. 8 అంగుళాల లోపు కొమ్మలకు 30-35 సీసీ, 14 అంగుళాల బార్ సరిపోతుంది. అడుగు దాటిన మొద్దులకు 45 సీసీ, 16 లేదా 18 అంగుళాల బార్ కావాలి. స్టిల్ కంపెనీ ఎంఎస్ 250 ఈ కోవలోదే: 45.4 సీసీ, 2.3 కిలోవాట్లు. సీసీ ఒక్కటే చూడొద్దు, ఇంజిన్ బలం చెప్పే కిలోవాట్లు అడగండి. 22 అంగుళాల బార్ చూసి మురిసిపోవద్దు కూడా. బార్ పొడుగైన కొద్దీ ఇంజిన్ మీద బరువు పెరుగుతుంది, మొన మొరంలోకి దిగుతుంది. మన చెలకల్లో చైన్ ఎక్కువగా పాడయ్యేది చెట్టుతో కాదు, మన్నుతో. మొదలు చుట్టూ మట్టి గీకి, బెరడు దులిపి, నేలకు జానెడు పైన కోయండి. మిగిలిన మొద్దు మళ్లీ చిగురేస్తుంది. దాన్ని వేర్ల మొదలుతో సహా గడ్డపారతోనో జేసీబీతోనో పెకిలించాలి. మిషన్ దించొద్దు.

ఆకురాయి చైన్ సైజుకు తగ్గదే ఉండాలి. 0.325 అంగుళాల పిచ్ (లింకుల ఎడం) ఉన్న చైన్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటిది. దాన్ని 30 డిగ్రీల కోణంలో ముందుకే తోయాలి, వెనక్కి లాగొద్దు. అన్ని పండ్లకూ ఒకే లెక్కన రెండు మూడు తోపులు. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ రాస్తే కోత వంకర పోతుంది. పంటి ముందుండే బొడిపెను పంటి అంచు కన్నా 0.65 మిల్లీమీటర్లు దాటి కిందికి అరగదీస్తే చైన్ కట్టెను పట్టేసి ఎదురుతన్నుతుంది.

పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిల్ ఎంత కలపాలో మిషన్ పుస్తకంలో ఉంటుంది. 50:1 అయితే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అయితే 40. అందాజగా పోస్తే పిస్టన్ గీరుకుపోయి పట్టేస్తుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీలుస్తుంది. అందుకే కలిపింది నెలకు మించి ఉంచకండి. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడపండి. లేకపోతే కార్బొరేటర్‌లోని పలుచటి పొరలు గట్టిపడి, వచ్చే సీజన్‌కు మిషన్ స్టార్ట్ కాదు.

బార్‌కు ట్రాక్టర్ నుంచి తీసిన కాలిన ఆయిల్ పోస్తారు చాలామంది. అందులోని మురికి పంపునూ, బార్ మీది ఆయిల్ రంధ్రాన్నీ మూసేస్తుంది. ఆయిల్ వస్తుందో లేదో తెలియాలంటే బార్ మొనను తెల్ల కాగితానికి దగ్గరగా, తగలకుండా పెట్టి రేజ్ చేయండి. సన్నటి నూనె గీత పడాలి.

బార్ మొన పైభాగం దేనికీ తగలనివ్వొద్దు, మిషన్ మొహం మీదికి ఎగిరొచ్చేది అక్కడి నుంచే. తుమ్మ ముళ్లకు కళ్లద్దాలు, గట్టి బూట్లు తప్పనిసరి. ముళ్ల కొమ్మలు ముందు కొడవలితో కొట్టి తీశాకే మిషన్ పట్టండి. వేపనో చింతనో కొట్టాలంటే మాత్రం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, ముందే అటవీ శాఖ అనుమతి తీసుకోండి.