అమ్మ గది నుంచి గేటు లైటు దాకా

మాది శ్రీకాకుళం, బలగలో పాత డాబా ఇల్లు. నాన్న కట్టించిన ఇల్లు. అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. గేటు లైటు స్విచ్చేమో వరండా చివర ఉంది. తన గదిలోంచి అక్కడికి రావాలంటే రెండు గడపలు దాటి ఒక మెట్టు దిగాలి. దీపాలు పెట్టే వేళ వీధివైపు చీకటిగా ఉంటే అమ్మ మనసు ఒప్పదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడున్నర దాటుతుంది. ఓ సాయంత్రం లైటు వెయ్యడానికి వెళ్తూ అమ్మ గడప దగ్గర తూలిపడబోయింది. ఆ రాత్రే అనుకున్నాను, స్విచ్చి అమ్మ మంచం దగ్గరికే రావాలని.

గోడలు చెక్కి కొత్త వైరు లాగడానికి అమ్మ ఒప్పుకోలేదు. అప్పుడే మా బావ బ్రిటన్‌లో ఉద్యోగం ముగించుకుని వచ్చేస్తూ, అక్కడ తన ఇంట్లో వాడిన ఎక్స్10 సామాను, అంటే లైట్లని దూరం నుంచే వేసి కట్టేసే సామాను, ఒక అట్టపెట్టెలో తెచ్చి ఇచ్చాడు. దీనికి వేరే వైర్లు అక్కర్లేదు. గోడలో ఉన్న కరెంటు వైరు మీదుగానే కబురు వెళ్తుంది. 1975లో స్కాట్లాండ్‌లోని పికో ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ దీన్ని తయారు చేసింది. అది వాళ్ల పదో ప్రాజెక్టు కాబట్టి ఆ పేరు వచ్చింది. బ్రిటన్‌లోనూ 230 వోల్టులు, 50 హెర్ట్జ్ కరెంటే కాబట్టి ఆ సామాను ఇక్కడ పనిచేస్తుంది. అమెరికా సామానైతే పనికిరాదు.

మంచం పక్కన ప్లగ్గులో బటన్ల పెట్టె, వరండా ప్లగ్గులో ఆ కబురు అందుకునే చిన్న పెట్టె, దాన్నే మాడ్యూల్ అంటారు, ఆ మాడ్యూల్‌కి గేటు లైటు. బల్బుల కోసం వచ్చే లాంప్ మాడ్యూల్ పాత ఫిలమెంటు బల్బుకి చేసింది, ఎల్ఈడీ పెడితే మినుకుమినుకుమంటుంది. అందుకని లోపల రిలే, అంటే కరెంటుతో కదిలే స్విచ్చి, ఉండే అప్లయన్స్ మాడ్యూల్ పెట్టాను. అమ్మ బటన్ నొక్కితే ఇంచుమించు ఒక సెకను ఆగి, వరండాలో టక్‌మని శబ్దం, లైటు. రెండు వారాలు ఏ ఇబ్బందీ లేదు.

మూడో వారం మొదలైంది టెన్షన్. పగలు ఎన్నిసార్లు నొక్కినా పనిచేస్తుంది. సాయంత్రం ఆరున్నర దాటాక నాలుగుసార్లు నొక్కితే ఒకసారి వెలుగుతుంది, ఒక్కోరోజు అసలు వెలగదు. అమ్మ మళ్లీ గోడ పట్టుకుని వరండాలోకి రావడం మొదలుపెట్టింది.

మా వీధి ఎలక్ట్రీషియన్ బాబాయిని పిలిచాను. చూసి "మాడ్యూలు పోయింది బాబూ, పాత సామాను కదా" అన్నాడు. ఆ మాట నమ్మి కొత్తది కొనేసి ఉంటే డబ్బు దండగ అయ్యేది. ఆ సాయంత్రమే మాడ్యూల్‌ని తీసుకొచ్చి, అమ్మ గదిలో బటన్ల పెట్టె ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులోనే పెట్టి చూశాను. ఇరవైసార్లు నొక్కితే ఇరవైసార్లూ టక్‌మంది. అంటే పంపేదీ బాగుంది, అందుకునేదీ బాగుంది. మధ్యలో దారి బాగోలేదు.

ఆ దారి సంగతి కొంచెం చెప్పాలి. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నా వోల్టుల మీదుగా దాటుతుంది. సరిగ్గా ఆ సున్నా దగ్గర, ఒక మిల్లీసెకను పాటు, 120 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని ఈ పెట్టె వైరులోకి వదులుతుంది. సంకేతం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఇలా పేర్చిన అంకెలే "ఫలానా నంబరు లైటు వెయ్యి" అనే మాట. 230 వోల్టుల పక్కన ఆ సంకేతం నాలుగైదు వోల్టులు ఉంటే గొప్ప. అది రెండు రకాలుగా పాడవుతుంది. ఏదో ఒక వస్తువు దాన్ని మింగెయ్యొచ్చు, లేదా గోల చేసి వినపడకుండా చెయ్యొచ్చు. రెండూ వేరువేరు జబ్బులు, మందులూ వేరు. ఇది ముందే తెలిసుంటే నాకు పది రోజులు కలిసొచ్చేవి.

మొదట ప్లగ్గులు చూశాను. బ్రిటన్ ప్లగ్గు పిన్నులు బల్లపరుపుగా ఉంటాయి, మనవి గుండ్రం. మధ్యలో పెట్టిన మార్పిడి ప్లగ్గు వదులుగా ఉండి, కదిపితే లోపల చిటచిటలాడుతోంది. అలా నిప్పురవ్వలు రావడమూ ఒక గోలే, పైగా ప్రమాదం. గట్టిగా పట్టే సాకెట్లు మార్పించాను. కాస్త మెరుగైంది, అంతే.

తర్వాత డీబీ, అంటే ఇంటి లైన్లన్నిటికీ కరెంటు పంచే పెట్టె, దగ్గర నిలబడ్డాను. మా ఇంటికి ఎనిమిది ఎంసీబీలు, ఒక్కో లైనుకి ఒక్కో స్విచ్చి. ఫ్రిజ్ సంగతి అమ్మకి ముందే చెప్పి, అమ్మ గదిదీ వరండాదీ ఉంచి మిగతా ఆరూ దించేశాను. మిగతా ఇల్లంతా చీకటి.

"నొక్కమ్మా!"

"ఎలిగింది నాయనా!"

ఒక్కొక్కటే ఎత్తుకుంటూ వచ్చాను. వంటగది ఎత్తాను, వెలిగింది. పెరటి గది, వెలిగింది. హాలు ఎత్తగానే లోపల్నుంచి అమ్మ గొంతు: "ఎలగనేదురా!" మళ్లీ దించితే వెలిగింది. మూడుసార్లు చేసినా అదే.

హాల్లో టీవీ దగ్గరి బోర్డుకి టీవీ, సెట్‌టాప్ బాక్సు, నా ల్యాప్‌టాప్ చార్జరు ఉంటాయి. అమ్మ ఆరున్నరకి సీరియల్ కోసం ఆ బోర్డు స్విచ్చి వేస్తుంది, పడుకునే ముందు కట్టేస్తుంది. పగలు బాగుండి సాయంత్రం పోవడానికి సగం కారణం అక్కడ దొరికింది. ఇలాంటి సామాన్ల ఎలక్ట్రానిక్ సప్లైలో, వాటి గోల బయటికి రాకుండా ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఒక కెపాసిటర్ పెడతారు. 0.1 మైక్రోఫారడ్ అనుకుందాం. 50 హెర్ట్జ్ కరెంటుకి అది దాదాపు 32 వేల ఓమ్‌ల అడ్డు, అంటే ఆ దారే లేనట్టు. 120 కిలోహెర్ట్జ్ సంకేతానికి మాత్రం సుమారు 13 ఓమ్‌లే. సంకేతం వరండా దాకా వెళ్లకుండా ఈ అడ్డదారిలో దిగిపోతుంది. రిమోట్‌తో టీవీ కట్టేసినా లాభం లేదు, కెపాసిటర్ లైన్ మీదే ఉంటుంది. గోడ బోర్డు స్విచ్చి కట్టేస్తేనే తెగుతుంది.

మూడింటిలో ఎక్కువ మింగుతున్నది ల్యాప్‌టాప్ చార్జరు. దాన్ని పీకేసి, పని అయిపోయిందనుకున్నాను. నాలుగు రోజులు బాగానే నడిచింది. అయిదో రోజు మళ్లీ మొరాయించింది.

ఈసారి దారి చూపించింది అమ్మే. అమ్మకి నాన్న వాడిన పాత ట్రాన్సిస్టరు ఉంది, సాయంత్రం విశాఖపట్నం కేంద్రం వింటుంది. "ఒరే, వరండా లైటేస్తే రేడియోలో గరగరమంటాది. ముందు ఇలగ నేదు" అంది. ఆ రేడియోని మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట పెట్టి, ఒక్కో బల్బు కిందికీ తీసుకెళ్లాను. హాల్లో సన్నని జుమ్ము, వంటగదిలోనూ అంతే. వరండాలోకి అడుగుపెట్టగానే మిల్లు ఆడించినట్టు బర్రుమంది. బల్బు కట్టేస్తే నిశ్శబ్దం, వేస్తే బర్రు. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి చేతికి రేడియో ఇచ్చి వినిపిస్తే "అదే, అదే" అంది.

వరండాలో ఆ ఎల్ఈడీ బల్బు వేసింది నేనే. రెండో వారం చివర పాతది పోతే, వీధి చివర కొట్లో చవగ్గా దొరికిందని తెచ్చాను. ఖరీదు తగ్గించడానికి లోపల ఫిల్టర్ భాగాలు తీసేసినట్టున్నారు, దాని గోలంతా వైరులోకే వస్తోంది. అదీ మాడ్యూల్ ఉన్న లైన్ మీదే, రెండు బారల దూరంలో. చార్జరు ఒక్కటే ఉంటే సంకేతం నీరసంగానైనా చేరేది. బల్బు ఒక్కటే ఉంటే ఎక్కువ రోజులు గోలలోనూ వినపడేది. రెండూ కలిసిన సాయంత్రం మాత్రం ఏమీ చేరదు. డీబీ దగ్గర చార్జరు ఒక్కటే దోషిలా కనిపించింది అందుకే. ఇంట్లో ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లు ఒకటి దొరకగానే ఆగిపోవద్దు. వారం పది రోజులు ఏ వేళకి ఏవి వేసి ఉన్నాయో ఒక పుస్తకంలో రాసుకోండి.

బల్బు మార్చాను. చార్జరూ సెట్‌టాప్ బాక్సూ మానలేం కదా, వాటికోసం బావ అక్కడి స్నేహితుడి చేత ఫిల్టర్ ప్లగ్గులు తెప్పించాడు. లోపల ఒక చోక్, అంటే తీగ చుట్ట, ఉంటుంది, కరెంటుని పోనిచ్చి 120 కిలోహెర్ట్జ్‌ని ఆపుతుంది. ఎన్ని ఆంపియర్లకి చేసిందో దాని మీద రాసి ఉంటుంది, అంతకు మించి తగిలించకూడదు.

ఇంకో చిక్కు మిగిలింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత మా ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించాం. కరెంటు పోతే వరండా ఇన్వర్టర్ మీదికి వెళ్తుంది, అమ్మ గదిలో ప్లగ్గు మాత్రం వెళ్లదు. నిజంగా లైటు కావలసిన చీకట్లోనే బటన్ల పెట్టె ఆగిపోయేది. బాబాయి ఆ ప్లగ్గుని కూడా ఇన్వర్టర్ లైన్‌లోకి మార్చాడు. మాది మామూలు కరెంటులాగే నున్నటి అల ఇచ్చే సైన్‌వేవ్ ఇన్వర్టర్ కాబట్టి సున్నా దాటే చోటు స్పష్టంగా ఉండి సంకేతం నడుస్తోంది.

మేడ మీద అద్దె వాటాలో కూడా పెడదామనుకున్నాను గానీ, ఆ వాటా వేరే ఫేజ్ మీద ఉంది. సంకేతం ఒక ఫేజ్ నుంచి ఇంకోదానికి దానంతట అది సరిగ్గా దాటదు, మధ్యలో సంకేతాన్ని కెపాసిటర్ గుండా దాటించే కప్లర్ పెట్టాలి. రెండు ఫేజ్‌ల మధ్య దాదాపు 400 వోల్టులు ఉంటుంది. మామూలు కెపాసిటర్ తెచ్చి మనమే తగిలించేది కాదది. మేడ ఆలోచన మానేశాను.

ఇప్పుడు నెలన్నర అయింది. ఆరున్నరకి అమ్మ మంచం మీంచే నొక్కుతుంది. టక్‌మన్న శబ్దం వినపడేదాకా రేడియో సౌండు తగ్గించి ఉంచుతుంది. నిన్న రాత్రి అన్నం పెడుతూ, పెరట్లో నీళ్ల మోటారుకి కూడా ఇలాంటిది పెట్టమంది. మోటారు లాగే కరెంటుకి ఈ మాడ్యూల్‌ని నేరుగా తగిలించడానికి నాకు ధైర్యం లేదు, మధ్యలో కాంటాక్టర్, అంటే పెద్ద కరెంటుని తట్టుకునే స్విచ్చి, ఉండాలి. బాబాయి ఆదివారం వస్తానన్నాడు.